పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్, పరిశోధన ఉద్యోగాలు ఎక్కడ వెతుక్కోవాలి? మన నెల్లూరు, ప్రకాశం వాళ్ళు చెప్పండి

కావలి తీరం
సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర సముద్రం పక్క ఊరు. జువాలజీలో పీహెచ్‌డీ చేశాను. థీసిస్ సబ్మిట్ చేసి నాలుగు నెలలైంది, వైవా ఇంకా పెట్టలేదు. నా పని వెనామీ రొయ్యల్లో వచ్చే ఈహెచ్‌పీ అనే, రొయ్యను ఎదగనివ్వని జబ్బు మీద. అల్లూరు, విడవలూరు వైపు గుంటల నుంచి శాంపిళ్ళు తెచ్చి పీసీఆర్ పరీక్ష చేసేదాన్ని. రెండు పేపర్లు అచ్చయ్యాయి, ఒకటి రివిజన్‌లో ఉంది.

ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. గంటకింత అని ఇస్తారు, సెలవులొస్తే అదీ లేదు. అమ్మా నాన్నా ఏమీ అనరు గానీ చుట్టాలు వచ్చినప్పుడల్లా "ఇంకా చదువేనా అమ్మాయ్" అని అడుగుతారు. నాకు మాత్రం పరిశోధన వదిలేయాలని లేదు. మా నాన్న గుంటకే ఒక సంవత్సరం ఈహెచ్‌పీ వచ్చింది. రొయ్య చావలేదు, ఎదగనూ లేదు. మేత తింటూనే ఉంది, కౌంటు, అంటే అమ్మే సైజు, మాత్రం రాలేదు. చివరికి మేత ఖర్చు కూడా తిరిగి రాలేదు. ఆ ఏడాదే ఈ టాపిక్ తీసుకున్నాను.

నా ఇబ్బంది ఏంటంటే, రోజూ ఫోన్లో ఉద్యోగాల నోటిఫికేషన్లు చూస్తాను. బ్యాంకు పోస్టులు, టీచర్ పోస్టులు, రీసెర్చ్ పోస్టులు అన్నీ కలిపి పెడతారు. నాకు పనికొచ్చేది కనపడేసరికి చివరి తేదీ అయిపోయి ఉంటుంది. మా బ్యాచ్‌లో తెలుగు, మ్యాథ్స్, ఎకనామిక్స్ చేసినవాళ్ళదీ ఇదే పరిస్థితి. అసలు ఏ సబ్జెక్టు వాళ్ళు ఎక్కడ చూడాలి? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.


ఒంగోలు కెమిస్ట్రీ
సోమవారం రాత్రి 11:15

చెల్లెమ్మా, నేను ఒంగోలులో డిగ్రీ, హైదరాబాదులో పీహెచ్‌డీ, ఇప్పుడు జర్మనీలో రెండో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్ళు చేసే పరిశోధన ఉద్యోగం. నేను పోగొట్టుకున్న ఏడాది నువ్వు పోగొట్టుకోకూడదని రాస్తున్నా.

మొదటి సంగతి. "పోస్ట్‌డాక్" అని వెతికితే సగం ఉద్యోగాలు కనపడవు. ఒక్కో దేశంలో దీన్ని ఒక్కో పేరుతో పిలుస్తారు. బ్రిటన్‌లో ఎక్కువగా రీసెర్చ్ అసోసియేట్ అంటారు, అవి చాలావరకు జాబ్స్ డాట్ ఏసీ డాట్ యూకేలో ఉంటాయి. జర్మనీలో విస్సెన్‌షాఫ్ట్‌లిషర్ మిటార్‌బైటర్ అంటారు, జీతం చాలా చోట్ల ఈ-13 అనే స్కేలు. ముంబైలో టీఐఎఫ్ఆర్ అనే పరిశోధన సంస్థలో విజిటింగ్ ఫెలో. మన కేంద్ర పరిశోధన సంస్థలు సీఎస్ఐఆర్, ఐసీఏఆర్ ప్రాజెక్టుల్లో ఆర్ఏ, అంటే రీసెర్చ్ అసోసియేటే. పని ఇంచుమించు ఒకటే, బోర్డు వేరు. ముందు ఈ పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని వాటితో వెతుకు.

రెండోది, ప్రకటన కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. నాకు దొరికిన రెండు చోట్లా ముందు ప్రకటన లేదు. ప్రొఫెసర్‌కు నేనే మెయిల్ రాశాను. ఆయన "నీకు జీతం ఇచ్చే డబ్బు నా దగ్గర లేదు, కానీ ఇద్దరం కలిసి ఫెలోషిప్‌కు పెడదాం" అన్నారు. జర్మనీలోని హంబోల్ట్ ఫెలోషిప్‌కు చివరి తేదీ అంటూ లేదు, ఏడాది పొడవునా పెట్టుకోవచ్చు. కాకపోతే ఆహ్వానించే ప్రొఫెసర్ ముందే ఉండాలి.

యూరప్‌లో పెద్ద ఫెలోషిప్ మేరీ క్యూరీ, యూరోపియన్ యూనియన్ ఇచ్చేది. దీన్ని కూడా ఒక ప్రొఫెసర్‌తో కలిసి రాయాలి. మామూలుగా సెప్టెంబరులో ముగుస్తుంది, ఫలితం ఫిబ్రవరిలో వస్తుంది. అంటే మార్చి, ఏప్రిల్‌లోనే మనిషిని పట్టుకోవాలి. పీహెచ్‌డీ తర్వాత పరిశోధన అనుభవం 8 ఏళ్ళు దాటకూడదు. వెళ్ళే దేశంలో అంతకు ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. మన ఊళ్ళో ఉండేవాళ్ళకు ఆ రెండో నిబంధనతో అసలు ఇబ్బందే రాదు. ఏ ప్రొఫెసర్లు మనుషుల కోసం చూస్తున్నారో యూరాక్సెస్ పోర్టల్‌లో కనపడుతుంది.


గాదంకి బాట
మంగళవారం ఉదయం 6:50

అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను ఫిజిక్స్, వాతావరణం వైపు. గూడూరు నుంచి గాదంకి వెళ్ళి ఎన్ఏఆర్ఎల్ అనే వాతావరణ పరిశోధన కేంద్రంలో కొన్నాళ్ళు పనిచేశాను, అక్కడి ఎంఎస్‌టీ రాడార్ డేటాతో.

మా సబ్జెక్టులో అందరూ చూసేది మెట్-జాబ్స్ అనే మెయిలింగ్ లిస్టు. ఇంగ్లండ్‌లో రెడింగ్ యూనివర్సిటీ నడుపుతుంది. చేరితే ప్రపంచంలో వాతావరణం, సముద్రం మీద వచ్చే ఖాళీలు రోజూ మెయిల్‌కే వస్తాయి. ఈ సంగతి పీహెచ్‌డీ మొదటి ఏడాదే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. కణ భౌతిక శాస్త్రం వాళ్ళకు ఇన్‌స్పైర్ అనే వెబ్‌సైట్‌లో ఉద్యోగాల పేజీ ఉంది. ఖగోళం వాళ్ళకు అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ జాబ్ రిజిస్టర్ ఉంది. ఏ సబ్జెక్టుకైనా వాళ్ళ వాళ్ళు కలుసుకునే చోటు ఒకటి ఉంటుంది, ఉద్యోగాలు ముందు అక్కడే పడతాయి. అన్ని ఉద్యోగాలూ కలిపి పెట్టే యాప్‌లకు అవి చాలా ఆలస్యంగా చేరతాయి.

మనకు దగ్గర్లోవి కూడా మర్చిపోవద్దు. సముద్రం మీద పనిచేసే సంస్థలు హైదరాబాదులో ఇన్‌కాయిస్, చెన్నైలో ఎన్ఐఓటీ, ఇంకా తిరుపతిలో ఐఐటీ, ఐజర్. తిరుపతిలోవి రెండూ 2015లో మొదలయ్యాయి. వాళ్ళ వెబ్‌సైట్లలో కెరీర్స్ పేజీ వారానికోసారి చూడండి. నేను ఆదివారం పొద్దున టిఫిన్ చేశాక ఒక గంట దానికే కేటాయించేవాణ్ణి. రోజూ చూస్తే టెన్షన్ తప్ప ఏమీ రాదు.


ముత్తుకూరు
మంగళవారం ఉదయం 8:05

ఈహెచ్‌పీ అని చూడగానే ఆగిపోయా. నేను ముత్తుకూరు ఫిషరీ సైన్స్ కాలేజీలో చదివాను. అమ్మా, మీకున్నంత అవకాశం చాలా తక్కువ మందికి ఉంటుంది, దిగులు పడకండి. రొయ్య జబ్బుల మీద పనిచేసే చోట్లు ప్రపంచంలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే వెతకడం తేలిక.

చెన్నైలో సీబా, అంటే ఉప్పునీటి చేపల పెంపకం మీద ఐసీఏఆర్ కేంద్రం, 1987 నుంచి ఉంది. మన రైతులందరికీ తెలిసిన చోటే. బెల్జియం గెంట్ యూనివర్సిటీలో ఆర్టీమియా రిఫరెన్స్ సెంటర్. స్కాట్లండ్ స్టిర్లింగ్‌లో ఆక్వాకల్చర్ ఇన్‌స్టిట్యూట్. బ్యాంకాక్‌లో మహిడోల్ యూనివర్సిటీ సెంటెక్స్ ష్రింప్. అమెరికా అరిజోనా యూనివర్సిటీలో రొయ్యల జబ్బుల ల్యాబ్. ఈహెచ్‌పీని 2009లో మొదట థాయిలాండ్ టైగర్ రొయ్యలోనే వర్ణించారు కాబట్టి బ్యాంకాక్ వాళ్ళకు మీ పని వెంటనే అర్థమవుతుంది. మన దగ్గర వెనామీకి అనుమతి వచ్చింది కూడా 2009లోనే.

ఈ ఐదు చోట్లా ఎవరెవరు ఏం రాస్తున్నారో చూడండి. మీ థీసిస్ చివర రిఫరెన్సులు తీసి, ఏ పేరు ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. మీరు రాయాల్సిన మనుషులు వాళ్ళే.


వేదాయపాళెం మాస్టారు
మంగళవారం మధ్యాహ్నం 1:20

నేను కాలేజీలో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. సైన్సు వాళ్ళ మాటలే వినపడుతున్నాయి, భాషలు, చరిత్ర, సమాజ శాస్త్రాల పిల్లల గురించి కూడా చెబుతాను.

వీళ్ళకు సమాజ శాస్త్రాల పరిశోధన మండలి ఐసీఎస్ఎస్ఆర్ ఇచ్చే పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ ఉంది. చరిత్రకు ఐసీహెచ్ఆర్, తత్త్వశాస్త్రానికి ఐసీపీఆర్. యూజీసీ రాధాకృష్ణన్ పేరు మీద ఇచ్చే పోస్ట్‌డాక్ భాషలకూ, హ్యుమానిటీస్‌కూ ఉంది. సిమ్లాలో ఉన్నత అధ్యయన సంస్థ ఫెలోలను తీసుకుంటుంది, అక్కడ ఉండి పుస్తకం రాసుకోవచ్చు. పుదుచ్చేరి ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్‌లో తాళపత్రాల మీద పని జరుగుతుంది. బయటి దేశాల ఖాళీలకు హెచ్-నెట్, భాషాశాస్త్రానికి లింగ్విస్ట్ లిస్ట్, తత్త్వశాస్త్రానికి ఫిల్‌జాబ్స్ చూడాలి.

మన నెల్లూరుకే ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం మైసూరు నుంచి వచ్చింది. దాని కోసం ఎంతమంది ఎన్నేళ్ళు అడిగారో నాకు తెలుసు. తెలుగులో పీహెచ్‌డీ చేసిన మన పిల్లలు ఒకసారైనా అక్కడికి వెళ్ళి, ఏ ప్రాజెక్టులు నడుస్తున్నాయో కనుక్కోవాలి. నెల్లూరు జిల్లా శాసనాలు 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. ఆ శాసనాల్లోని ఊళ్ళ పేర్లు ఇప్పటి మ్యాపు మీద పెట్టడం ఒక్కటే తీసుకున్నా ఒక మనిషికి రెండేళ్ళ పని. ఈ మాట నేను ప్రతి బ్యాచ్‌కూ చెప్పేవాణ్ణి. ఇప్పటికీ ఎవరైనా చేస్తే నా దగ్గర ఉన్న నోట్సు మొత్తం ఇస్తాను.


చీమకుర్తి గణితం
మంగళవారం సాయంత్రం 5:30

మ్యాథ్స్ వాళ్ళకు మ్యాథ్‌జాబ్స్ డాట్ ఆర్గ్. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీది. చాలా చివరి తేదీలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపే, చేరేది మరుసటి ఆగస్టులో. మన దేశంలో జాతీయ గణిత బోర్డు ఎన్‌బీహెచ్‌ఎం ఇచ్చే పోస్ట్‌డాక్ ఫెలోషిప్, చెన్నైలో ఐఎంఎస్సీ, సీఎంఐ అనే గణిత సంస్థలు. ఎకనామిక్స్ వాళ్ళకు అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ వాళ్ళ ఉద్యోగాల జాబితా జేఓఈ.

మా దాంట్లో సిఫారసు ఉత్తరాలు చాలా ముఖ్యం. మూడు కావాలి, ఒకటి గైడ్ కాని మనిషి రాయాలి. అడిగాక కనీసం నెల రోజులు టైమివ్వండి.


కావలి తీరం
మంగళవారం రాత్రి 10:05

అందరికీ పేరుపేరునా థాంక్స్. ముత్తుకూరు అన్న చెప్పినట్టు రిఫరెన్సులు లెక్కపెట్టాను. ఒక్క పేరు పదకొండు సార్లు వచ్చింది! ఇన్నేళ్ళు ఆయన పేపర్లు చదువుతూ, ఆయనకు మెయిల్ రాయొచ్చన్న ఆలోచనే రాలేదు.

వైవా అవకుండా దరఖాస్తు పెట్టుకోవచ్చా? ఆర్ఏకు ఇప్పుడు ఎంత ఇస్తున్నారు?


గాదంకి బాట
మంగళవారం రాత్రి 10:40

కేంద్రం రేట్లు 2023 జనవరి 1 నుంచి మారాయి. ఆర్ఏ-1కు నెలకు 58,000, ఆర్ఏ-2కు 61,000, ఆర్ఏ-3కు 67,000, పైన ఇంటద్దె భత్యం.

మన దేశంలో పెద్ద పోస్ట్‌డాక్ ఫెలోషిప్ ఎన్-పీడీఎఫ్. ముందు కేంద్రం పరిశోధన నిధుల బోర్డు సెర్బ్ ఇచ్చేది, 2023 చట్టంతో సెర్బ్ ఏఎన్ఆర్ఎఫ్ అనే కొత్త సంస్థలో కలిసింది. రెండేళ్ళు ఇస్తారు. సెర్బ్ రోజుల నుంచి ఉన్న నియమం, వయసు 35 లోపు ఉండాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, వికలాంగులకు ఐదేళ్ళ సడలింపు. థీసిస్ సబ్మిట్ చేసి డిగ్రీ కోసం చూస్తున్నవాళ్ళూ పెట్టుకోవచ్చు, కాబట్టి మీరు అర్హులే. మెంటార్ ఒప్పుకోవాలి, ఆ సంస్థ సంతకం కావాలి. సంస్థ సంతకం రావడానికే రెండు వారాలు పడుతుంది, చివరి రోజు దాకా ఆగవద్దు.

యూనివర్సిటీ నుంచి థీసిస్ సబ్మిట్ చేసినట్టు సర్టిఫికెట్ రేపే తెచ్చుకోండి. ఎక్కడ పెట్టినా అడుగుతారు.


కందుకూరు అమ్మ
బుధవారం మధ్యాహ్నం 2:10

నా సంగతి కూడా చెప్పాలనిపించింది. బోటనీలో పీహెచ్‌డీ అయ్యాక పెళ్ళి, ఇద్దరు పిల్లలు. ఆరేళ్ళు ఇంట్లో ఉన్నాను. ల్యాబ్ కోటు బీరువాలో పైన పెట్టేశాను. ఒకరోజు పెద్దవాడు దాన్ని తీసి వేసుకుని "డాక్టరమ్మ కోటు" అంటూ ఇల్లంతా తిరిగాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కేంద్ర సైన్స్ శాఖ డీఎస్‌టీలో మహిళలకు వైజ్-కిరణ్ కింద పథకాలు ఉన్నాయి. వైజ్-పీడీఎఫ్ పోస్ట్‌డాక్ కోసం. జీవశాస్త్రాల మహిళల కోసం కేంద్ర బయోటెక్నాలజీ శాఖ డీబీటీ బయోకేర్ అని పెట్టింది. 35 దాటిపోయిందని ఆగిపోవద్దు, ఈ పథకాలు మనలాంటి వాళ్ళ కోసమే పెట్టినవి. నేను అప్పట్లో ఉన్న మహిళా శాస్త్రవేత్తల పథకంలో రాశాను. మొదటిసారి రాలేదు. రిఫరీల వ్యాఖ్యలు చదివి మళ్ళీ రాశాను, వచ్చింది. మూడేళ్ళు పనిచేశాను.

ఇంకో మాట. మేరీ క్యూరీలో ఆ 8 ఏళ్ళ లెక్కలో మనం పరిశోధనకు దూరంగా ఉన్న కాలం కలపరు. పిల్లల కోసం ఆగిన సంవత్సరాలు మన మీద పడవు. సీవీలో ఆ ఖాళీని దాచవద్దు తల్లీ. "ఈ సంవత్సరం నుంచి ఈ సంవత్సరం దాకా పిల్లల పెంపకం" అని ఒక్క లైను రాస్తే చాలు. దాచితేనే అనుమానం వస్తుంది.


పినాకిని ప్రయాణికుడు
బుధవారం రాత్రి 9:00

అందరూ మంచి దారులు చెప్పారు, నేను గుంటలు చెబుతాను, జాగ్రత్త కోసం.

రెండేళ్ళ క్రితం నాకు ఒక విదేశీ యూనివర్సిటీ పేరుతో పోస్ట్‌డాక్ ఆఫర్ లెటర్ వచ్చింది. లోగో ఉంది, సంతకం ఉంది, జీతం అంకె కూడా ఉంది. ఇంటర్వ్యూ లేదు. వీసా ప్రాసెసింగ్‌కు 48,000 కట్టమన్నారు. అమ్మ మెడలో గొలుసు తాకట్టు పెట్టి కట్టాను. తర్వాత ఇన్సూరెన్సుకు ఇంకో లక్ష అన్నారు. అప్పుడు అనుమానం వచ్చి ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉన్న అసలు మెయిల్‌కు రాస్తే, మేము ఎవరికీ అలా పంపలేదని జవాబు వచ్చింది. డబ్బు తిరిగి రాలేదు. ఆ గొలుసు విడిపించడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

దరఖాస్తో, ఇంటర్వ్యూనో లేకుండా ఎవరూ పోస్ట్‌డాక్ ఇవ్వరు. మెయిల్ చివర సంస్థ పేరు కాకుండా మామూలు ఉచిత మెయిల్ ఉంటే నమ్మవద్దు. ఎవరి సొంత ఖాతాకైనా డబ్బు వేయమంటే అక్కడితో ఆపేయండి. డబ్బు తీసుకుని వారంలో పేపరు అచ్చేసే పత్రికలూ ఇలాంటివే. మంచి పత్రికలు ఏవో చెప్పే యూజీసీ కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు, కాబట్టి పత్రిక మంచిదో కాదో ఇప్పుడు మనమే చూసుకోవాలి. మీరు ఎవరి ల్యాబ్‌కు వెళ్ళాలనుకుంటున్నారో వాళ్ళు ఏ పత్రికల్లో రాస్తున్నారో చూడండి, దారి అక్కడే తెలుస్తుంది.

ఇంకొకటి, చెన్నైలో వాక్-ఇన్ ఇంటర్వ్యూ అంటే పొద్దున తొమ్మిదిన్నరకే ఉండమంటారు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళితే చెన్నై చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. నేను ఒకసారి అలా వెళ్ళి గేటు దగ్గరే వెనక్కి వచ్చాను. ముందు రోజే వెళ్ళి ఉండండి. హైదరాబాదుకైతే రాత్రి బండి సింహపురి ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాదులో దిగుతారు. ఒరిజినల్స్‌తో పాటు రెండు సెట్ల జిరాక్సులు.


ఒంగోలు కెమిస్ట్రీ
బుధవారం రాత్రి 11:50

తమ్ముడూ, ఇది బయటపెట్టి రాసినందుకు నీకు చేతులెత్తి దండం. చాలామంది సిగ్గుపడి చెప్పరు, అందుకే ఆ మోసం ఇంకొకరి దగ్గరికి పోతుంది.


కావలి తీరం
శుక్రవారం రాత్రి 8:30

పినాకిని అన్నా, మీ అమ్మగారి గొలుసు సంగతి చదివి చాలా బాధేసింది. జాగ్రత్తగా ఉంటాను.

మెయిల్ రాశాను, పంపే ముందు మీకు చూపిస్తున్నా. ఇంగ్లీషులో రాసింది ఇక్కడ తెలుగులో పెడుతున్నా.

"గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి. నేను జువాలజీలో పీహెచ్‌డీ పూర్తి చేశాను. కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను. మీ ప్రఖ్యాతమైన ల్యాబ్‌లో పోస్ట్‌డాక్ అవకాశం ఇస్తే జీవితాంతం రుణపడి ఉంటాను. ఏ టాపిక్ ఇచ్చినా చేస్తాను. సీవీ జత చేశాను. మీ దయ కోసం ఎదురుచూస్తుంటాను."


ముత్తుకూరు
శుక్రవారం రాత్రి 9:10

అమ్మా, ఇందులో మీరు ఎక్కడున్నారు? ఈహెచ్‌పీ అన్న మాటే లేదు. అల్లూరు లేదు, గుంట లేదు. ఇది ఎవరు ఎవరికైనా పంపొచ్చు.


ఒంగోలు కెమిస్ట్రీ
శుక్రవారం రాత్రి 11:30

"ఏ టాపిక్ ఇచ్చినా చేస్తాను" అన్నది ముందు తీసెయ్. మన ఊళ్ళో అది వినయం. అక్కడ చదివే మనిషికి మాత్రం ఈ అమ్మాయికి తనదంటూ ప్రశ్న లేదేమో అనిపిస్తుంది. దయ, రుణం అన్న మాటలు కూడా వద్దు. నువ్వు అడిగేది దానం కాదు, నీ దగ్గర ఉన్న పని చెప్పి కలిసి చేద్దామంటున్నావు.

ఆయన రాసిన పేపర్లలో ఈ మధ్యవి రెండు పూర్తిగా చదువు, సారాంశం కాదు. ఆ పేపర్ ఎక్కడ ఆగిందో చూడు. అక్కడి నుంచి నీ పని ఎక్కడ మొదలవుతుందో రెండు వాక్యాల్లో చెప్పు. తర్వాత ఏ ఫెలోషిప్‌కు కలిసి పెట్టొచ్చో నువ్వే చెప్పు. డబ్బు దారి కూడా నువ్వే చూపిస్తే జవాబు రావడానికి అవకాశం ఎక్కువ. మొత్తం ఒక ఫోన్ స్క్రీన్‌లో పట్టాలి. సీవీ పీడీఎఫ్‌లో ఉండాలి, ఫైలుకు నీ పేరు పెట్టు. పది రోజులు చూసి ఒక్కసారి గుర్తుచేయి, ఆ తర్వాత వదిలేయ్.


వేదాయపాళెం మాస్టారు
శనివారం ఉదయం 7:00

గౌరవం మాటల్లో కాదమ్మా, వాళ్ళ పని శ్రద్ధగా చదివి రాయడంలో ఉంటుంది. నాకు ఎవరైనా శాసనాల మీద ఉత్తరం రాసి, నేను తప్పు చదివిన ఒక ఊరి పేరు పట్టుకుంటే, వాళ్ళను మర్నాడే ఇంటికి పిలిచేవాణ్ణి.


కావలి తీరం
ఆదివారం మధ్యాహ్నం 3:40

రెండు రోజులు కూర్చుని మళ్ళీ రాశాను.

"ప్రొఫెసర్ గారికి నమస్కారం. ఆంధ్రప్రదేశ్ తీరంలో నెల్లూరు జిల్లా వెనామీ గుంటల్లో ఈహెచ్‌పీ మీద నా పీహెచ్‌డీ థీసిస్ సమర్పించాను. మీ ఇటీవలి పేపర్‌లో ల్యాబ్ తొట్లలో సోకించిన రొయ్యల ఎదుగుదల కొలిచారు. చివర్లో, రైతుల గుంటల్లో పంట తర్వాత పంట ఏం జరుగుతుందో తెలియాలని రాశారు. నా దగ్గర ఒకే గుంటల నుంచి వరసగా మూడు పంటల శాంపిళ్ళు, పీసీఆర్ ఫలితాలు ఉన్నాయి. గుంట ఎండగట్టి సున్నం వేసిన చోట, వేయని చోట తేడా చూశాను. దీన్ని మీ ల్యాబ్ పద్ధతులతో ముందుకు తీసుకెళ్ళాలని ఉంది. ఈ ఏడాది మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు మీతో కలిసి దరఖాస్తు రాయడానికి సిద్ధంగా ఉన్నాను. వీలుంటే ఇరవై నిమిషాలు మాట్లాడగలరా? సీవీ, రెండు పేపర్లు జత చేశాను."

ఇలాంటివే తొమ్మిది మందికి, ఒక్కొక్కరి పేపర్లు చదివి విడివిడిగా రాస్తున్నా. వాళ్ళలో సీబాలో ఉన్న ఒక సైంటిస్టు కూడా ఉన్నారు, ఎన్-పీడీఎఫ్ కోసం.


ముత్తుకూరు
ఆదివారం సాయంత్రం 4:15

ఇప్పుడు మీరు కనపడుతున్నారు. పంపండి.


గాదంకి బాట
ఆదివారం రాత్రి 9:20

ఓఆర్‌సీఐడీ నంబరు, అంటే పరిశోధకుల గుర్తింపు నంబరు, తీసుకున్నారా? ఐదు నిమిషాల పని, ఉచితం. గూగుల్ స్కాలర్ పేజీ కూడా తెరవండి. మెయిల్ చదివిన వెంటనే వాళ్ళు చేసే పని మీ పేరు వెతకడమే. ఇంటిపేరు ఒక పేపర్‌లో ముందు, ఒకదాంట్లో వెనక ఉంటే రెండు మనుషుల్లా కనపడతారు. మన తెలుగువాళ్ళకు ఇది పెద్ద సమస్య. నా మొదటి రెండు పేపర్లు ఇప్పటికీ వేరే పేరుతో తిరుగుతున్నాయి.


చీమకుర్తి గణితం
సోమవారం ఉదయం 10:00

గైడ్‌కు ముందే చెప్పావా చెల్లీ? ఎవరో ఒకరు ఆయనకు ఫోన్ చేస్తారు. ఆయనకు బయటివాళ్ళ ద్వారా తెలిస్తే బాగుండదు.


కావలి తీరం
సోమవారం రాత్రి 9:15

చెప్పానన్నా. భయపడుతూ వెళ్ళాను, సిఫారసు ఉత్తరాలకు ఆయనే ఇద్దరి పేర్లు కలిపారు.


కావలి తీరం
రెండు వారాల తర్వాత, మంగళవారం రాత్రి 10:30

తొమ్మిది మెయిళ్ళలో మూడింటికి జవాబు వచ్చింది. ఒకరు ప్రస్తుతం ఎవర్నీ తీసుకోవడం లేదన్నారు, మర్యాదగా. చెన్నై సైంటిస్టు గారు ఎన్-పీడీఎఫ్ ప్రకటన రాగానే కలవమన్నారు, డ్రాఫ్ట్ ముందే పంపమన్నారు. ఇంకొకరు, నా రిఫరెన్సుల్లో పదకొండు సార్లు వచ్చిన ఆయనే, గురువారం మధ్యాహ్నం మూడున్నరకు వీడియోలో మాట్లాడదామన్నారు! మెయిల్ నాలుగుసార్లు చదివాను. నాన్నకు చూపిస్తే ఇంగ్లీషు రాకపోయినా చాలాసేపు ఫోను పట్టుకుని చూశాడు.

చాలా టెన్షన్‌గా ఉంది. ఏం అడుగుతారు?


ఒంగోలు కెమిస్ట్రీ
మంగళవారం రాత్రి 11:05

చెల్లెమ్మా, ఎంత మంచి మాట చెప్పావు! మొదట నీ పని పది నిమిషాల్లో చెప్పమంటారు. స్లైడ్లు ఐదారు మించొద్దు. ఏది సరిగ్గా రాలేదో కూడా చెప్పు. అడగకముందే చెబితే ఇంకా మంచిది. తర్వాత నువ్వూ అడుగు. ల్యాబ్‌లో ఎంతమంది ఉన్నారు, అంతకుముందు పోస్ట్‌డాక్‌లు ఇప్పుడు ఎక్కడున్నారు, డేటా మీద పేరు ఎవరిది. ఇవి అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.


కందుకూరు అమ్మ
బుధవారం ఉదయం 6:30

కరెంటు పోతే ఫోన్ డేటాతో సిద్ధంగా ఉండమ్మా. గదిలో ఎవర్నీ రావద్దని ముందే చెప్పు. ఒకసారి అద్దం ముందు గట్టిగా చెప్పుకో, గొంతు సర్దుకుంటుంది.


ముత్తుకూరు
బుధవారం ఉదయం 7:45

పీసీఆర్ జెల్ ఫొటోలు ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోండి. ఏ గుంట, ఎన్ని ఎకరాలు, సీడ్ ఏ తేదీన వేశారు, నీళ్ళు ఎక్కడివి, ఏ రోజు సున్నం వేశారు, ఒక పట్టికలా చేసి స్క్రీన్ మీద చూపించండి. ల్యాబ్‌లో కూర్చున్నవాళ్ళ దగ్గర ఇది ఉండదు.


కావలి తీరం
బుధవారం రాత్రి 8:50

పట్టిక చేస్తున్నానన్నా. సీడ్ తేదీలు కొన్ని నా నోట్సులో లేవు. నాన్న లోపలికి వెళ్ళి పంట పుస్తకాలు మూడు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఏ రోజు ఎంత మేత వేశాడు, నీళ్ళు ఎప్పుడు మార్చాడు, ఎన్ని రొయ్యలు తేలాయి, అన్నీ తేదీలతో రాసి ఉన్నాయి. ఇప్పుడు ఆయన చదువుతున్నాడు, నేను ఎక్కిస్తున్నా. ఇంకా రెండో పంట దగ్గరే ఉన్నాం.